జార్జిటౌనులో పుట్టిన సుగుణ విలాస సభ

జార్జిటౌను తెలుగువారి చరిత్రను గూర్చి మాటలాడునప్పుడు మనము సామాన్యముగా వర్తకమును, ధర్మకార్యములను, పత్రికలను పేర్కొందుము. 1844లో 'క్రెసెంటు' పత్రికను స్థాపించిన గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠిగారిని, 1914లో తంబుచెట్టి వీథినుండి ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని, కొత్వాలు చావడి కన్యకాపరమేశ్వరీ దేవస్థానమును పోషించుచు వచ్చిన వైశ్య ప్రముఖులను స్మరింతుము. వారు స్మరింపదగినవారే. నాటకమును గూర్చి మాత్రము మన సభలలో చెప్పువారు అరుదు. తమిళదేశమున చదువుకొన్నవారి నాటకమునకు దారి తీసిన సమాజము ఈ పేటలోనే పుట్టినదనియు, దానిని పుట్టించినవారు తమిళ యువకులైనను వారికి ఆ కోరిక కలిగించినది తెలుగు నాటకమనియు మన పిల్లలలో ఎందరికి తెలియును? ఆ సమాజము పేరు సుగుణ విలాస సభ. అది పడిన పాట్లను, పొందిన కీర్తిని, అందులో తెలుగువారికి గల పాలును మాకు తెలిసినంతవరకు ఈ వ్యాసమున చెప్పదలచితిమి.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ముప్పది యేండ్లకు పైగా ఈ పేటలోని ఒక వర్తక సంస్థలో గుమాస్తాగా లెక్కలు వ్రాసి విశ్రాంతి గైకొన్నవారము. లెక్కల పుస్తకమున జమకు ఖర్చు, ఖర్చుకు జమ చూపక తప్పదు. రెండు భాషలవారు ఒకచోట తరతరములుగా బ్రదికినప్పుడు వారి మధ్య జరిగిన ఇచ్చిపుచ్చుకొనుటలకు గూడ అట్టి లెక్క యొకటి యుండవలెనని మా నమ్మకము. ఈ కథ ఆ లెక్కలో ఒక పుట మాత్రమే.

1891 నాటికి ఈ పేటకు జార్జిటౌను అను పేరు లేదు. అప్పుడు దీనిని నల్లపట్టణమనుచుండిరి. 1906లో యువరాజు జార్జి చెన్నపట్టణమును చూచిపోయిన పిదప క్రొత్త పేరు వచ్చినది. ఆనాడు పట్టణపు బుద్ధిజీవనమంతయు ఇచ్చటనే. పచ్చయప్ప కళాశాల, క్రైస్తవ కళాశాల రెండును ఎస్ప్లనేడు ప్రక్కనే యుండెడివి. ఎఱ్ఱని హైకోర్టు భవనము అప్పుడు లేచుచుండెను. అది 1892లో పూర్తియైనది. ఒకే వీథిలో తమిళుడును, తెలుగువాడును, గుజరాతీయుడును కాపురముండెడివారు. తెలుగు రాని తమిళుడును, తమిళము రాని తెలుగువాడును ఈ పేటలో అరుదుగా నుండిరి.

అయినను నాటకమునకు మాత్రము పెద్దమనుషుల యిండ్లలో చోటు లేకుండెను. వీథినాటకములు, తెరుక్కూత్తులు రాత్రి భోజనముల వేళ మొదలై తెల్లవారువరకు సాగెడివి. డబ్బుకు ఆడు కంపెనీలు కొన్ని యుండెడివి. వానిలో పాటయే ప్రధానము, మాట అప్రధానము. వేషము వేసికొనువానికి సంఘమున గౌరవము లేదు. చదువుకొన్న కుఱ్ఱవాడు నాటకములోనికి పోయెనన్నచో తల్లిదండ్రులు తలవంచుకొనెడివారు. అట్టివానికి పిల్లనిచ్చుటకు గూడ సందేహించెడివారు. ఈ అవమానభయము డబ్బు లేమికంటె పెద్ద అడ్డంకి. దానిని తొలగించుటకు మొదట బయటినుండి ఒక నిదర్శనము రావలసియుండెను. అది బళ్ళారినుండి వచ్చినది.

బళ్ళారికి ఆ విద్య ఎట్లు వచ్చినదో చెప్పుట అవసరము. 1843లో మహారాష్ట్రమున సాంగ్లీ సంస్థానాధిపతి ప్రోత్సాహముతో విష్ణుదాస భావే 'సీతాస్వయంవరము' ఆడించెను. మరాఠీ నాటకమునకు అది ఆరంభమని చెప్పుదురు. భావేకు ఆ పని చేయవలెనను కోరిక కలిగించినది కన్నడదేశమునుండి వచ్చిన యక్షగాన మేళము. మరాఠీ నాటకము వృద్ధిపొందిన పిదప అందుండి కంపెనీలు బయలుదేరి దేశము తిరిగినవి. 1880లో ధార్వాడ నాటక సమాజము ఆంధ్రదేశమునకు వచ్చి ఆడిపోయిన పిమ్మట రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకమును ఆడించిరి. ఇట్లు ఒక భాషవారు మఱియొక భాషవారిని చూచి, మేమును చేయగలము గదా యని పూనుకొనుటవలననే మన దేశమున ఆధునిక నాటకము ఊరినుండి ఊరికి నడచినది.

బళ్ళారిలో ఈ పనికి పూనుకొన్నవారు ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు. 1853లో జన్మించిరి. వృత్తిచేత న్యాయవాది. కన్నడము, తెలుగు రెండును వాడుకలో నున్న ఊరిలో నుండి తెలుగున నాటకములు వ్రాసి, పాటలు పద్యములు కూర్చి, తామే వేషములు వేసిరి. వారి 'చిత్రనళీయము' 1887లో బళ్ళారిలో ప్రదర్శితమైనది. వారి 'విషాద సారంగధర' తెలుగున తొలి విషాదాంత నాటకముగా పేరొందినది. వారు స్థాపించిన సరసవినోదినీ సభలో ఆడినవారు వకీళ్ళు, ఉద్యోగస్థులు, చదువుకొన్నవారు. పగలు కోర్టులో వాదించినవాడు రాత్రి రంగమున నలుడు. దీనిని బళ్ళారి ప్రజలు చూచి నవ్వలేదు. మెచ్చుకొనిరి. తెలుగువారు ఆచార్యులవారిని ఆంధ్ర నాటక పితామహులని పిలుచుకొనిరి.

1891లో ఈ సరసవినోదినీ సభవారు చెన్నపట్టణమునకు వచ్చి విక్టోరియా పబ్లిక్ హాలులో తమ తెలుగు నాటకములను ఆడిరి. ఆ హాలు మన పేటకు పడమటి దిక్కున, సెంట్రల్ రైలు స్టేషనుకు చేరువనున్నది. దానికి 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువులైన పూసపాటి ఆనంద గజపతిరాజుగారు. కట్టించిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ళు శ్రేష్ఠిగారు. తెలుగు ప్రభువు రాయి వేయగా, తెలుగు శ్రేష్ఠి గోడలు లేపిన ఆ మందిరమున తెలుగు వకీళ్ళు రంగమెక్కిరి.

చూడవచ్చినవారిలో 18 ఏండ్ల తమిళ యువకుడొకడుండెను. పేరు పమ్మల్ సంబంధము. 1873 ఫిబ్రవరి 1వ తేదీన ఆచారప్పన్ వీథిలో జన్మించినవాడు. తండ్రి విజయరంగ మొదలియారుగారు విద్యాశాఖలో ఉద్యోగి. తమిళ గ్రంథములను అచ్చువేయించినవారు. ఇంట పుస్తకములకు కొదువ లేదు. బాలుడు ఆంగ్ల నాటకములను చదివియుండెను. తమిళ నాటకములను చూచినప్పుడు మాత్రము అతనికి రోతయే కలిగెడిది. బళ్ళారివారి ఆట చూచిన రాత్రి ఆ అభిప్రాయము మారిపోయినది. చదువుకొన్నవారు, గౌరవనీయులు, తన తండ్రితో సమానముగా కూర్చుండదగినవారు వేషములు వేసి రంగమున నిలిచిరి. వారిని చూచుటకు పట్టణపు పెద్దలు వచ్చిరి. తెలుగున సాధ్యమైనది తమిళమున ఏల కారాదు? సంబంధ మొదలియారుగారు పెద్దవారైన పిదప 'నాటకమేడై నినైవుగళ్' అను పేర తమ రంగస్థల స్మృతులను ఆరు భాగములుగా వ్రాసిరి. అందు తమ నాటక జీవితమునకు ఈ తెలుగు ప్రదర్శనములే మూలమని మఱుగుపరచక చెప్పుకొనిరి. మేము ఆ గ్రంథమును గౌరవించుటకు ముఖ్య కారణములలో అదియొకటి.

అదే సంవత్సరము జూలై 1వ తేదీన ఏడుగురు మిత్రులు నల్లపట్టణమున కూడి ఒక సభను స్థాపించిరి. దానికి సుగుణ విలాస సభ యని పేరు పెట్టిరి. ఆ పేరులోనే వారి భయమును, వారి ప్రతిజ్ఞయు రెండును కలవని మాకు తోచును. లోకులు నాటకమనగా దుర్గుణమని తలచుచుండగా, తాము సద్గుణముతో విలసిల్లుదుమని ముందుగనే చాటుకొనిరి. వారి చేతిలో ధనము లేదు. ఆడుటకు నాటకము లేదు. నేర్పుటకు గురువు లేడు. స్త్రీ వేషములు వేయుటకు ఎవరును ముందుకు వచ్చు కాలము కాదు. ఇండ్లలో చదువు పాడగునను కోపము. ఇన్ని 'లేదు'ల నడుమ వారికి ఉన్నది పట్టుదల యొక్కటే.

ఈనాటి మన మనుమలకు ఇది వింతగా తోచదు. గిటారులు, డ్రమ్ములు పట్టుకొని మేడమీది గదిలో చేరి రాక్ సంగీతము అభ్యసించు కుఱ్ఱవాండ్రను మనము చూచుచునేయున్నాము. ఇరుగుపొరుగువారు చప్పుడని విసుగుకొందురు. పరీక్షలు పోవునని తండ్రి గద్దించును. ఇంగ్లాండులో లివర్‌పూల్ అను ఓడరేవు పట్టణమున ఇట్లే చేరిన నలుగురు కుఱ్ఱవాండ్రు బీటిల్స్ అను పేర లోకప్రసిద్ధులైరి. 1962 జనవరి 1వ తేదీన వారు లండనులో డెక్కా అను రికార్డుల కంపెనీవారి ముందు పాడి చూపగా ఆ కంపెనీ వారిని వలదనెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే మఱియొక కంపెనీ ద్వారా వారి తొలి రికార్డు వెలువడి, ఏడాది తిరుగకముందే ఆ దేశమంతయు వారి పేరు మారుమ్రోగెను. దేశము వేఱు, కళ వేఱు, కాలము వేఱు. రేవు పట్టణమున పలుజాతుల విద్యలు ఒడ్డునకు వచ్చుట, కుఱ్ఱవాండ్రు వానిని పట్టుకొనుట, పెద్దలు కాదనుట, వారు మానకుండుట అన్నిచోట్ల ఒక్కటే.

సంబంధము ఒక ప్రక్క కళాశాలలో చదువుచు మఱియొక ప్రక్క సభకు నాటకమును తానే వ్రాయుటకు పూనుకొనెను. ఆ నాటకము 'పుష్పవల్లి'. సభ స్థాపించిన వెంటనే దానిని ఆడలేకపోయిరి. సుమారు రెండేండ్లు అభ్యాసములతోడను, సన్నాహములతోడను గడచినవి. 1893లో విక్టోరియా పబ్లిక్ హాలులో ఆ నాటకము ఆడబడెను. రెండేండ్ల క్రిందట తాము బళ్ళారివారిని చూచి విస్మయపడిన మందిరముననే ఇప్పుడు తాము నిలువబడిరి. అయితే ఆ ఒక్క రాత్రితో కీర్తి రాలేదు. సభ్యుల చందాలపై నడచు సమాజమునకు ప్రతి ప్రదర్శనమును ఒక పరీక్షయే. హాలు అద్దె, దుస్తులు, తెరలు, దీపములు అన్నియు డబ్బుతో పని. ఇట్టి కాలముననే పెక్కు సమాజములు రెండవ నాటకము చూడకయే అంతరించును. ఈ సభ అంతరింపలేదు.

1895వ సంవత్సరము వారి అదృష్టమును మార్చినది. ఆ యేడు 'లీలావతి-సులోచన' ఆడిరి. అదే యేడు 'మనోహర' ఆడిరి. మనోహరలో కథ చదువరులకు తెలిసినదే. పురుషోత్తమ మహారాజు వసంతసేన యను స్త్రీకి లొంగి, పట్టపురాణియైన పద్మావతిని అవమానించును. కుమారుడు మనోహరుడు తల్లి మాటకు కట్టుబడి ఎంతటి పరాభవమునైన సహించును. తల్లి అనుమతించిన క్షణమున సంకెళ్ళను త్రెంచుకొనును. మనోహరుని వేషము సంబంధమే ధరించెను. తల్లి మాటకును, తండ్రి అన్యాయమునకును నడుమ నలుగు కుమారుని గాథ పట్టణమును కదిలించెను. తరువాత డబ్బు కంపెనీలు గూడ ఈ నాటకమును ఎత్తుకొని ఊరూర ఆడినవి. 1954లో ఇది చలనచిత్రముగా వచ్చినప్పుడు శివాజీ గణేశన్ మనోహరుడు. మాటలు వ్రాసినవారు మీద ముఖ్యమంత్రియైన కరుణానిధిగారు. దర్శకత్వము వహించినవారు ఏలూరు ప్రాంతమున పుట్టిన మన ఎల్.వి. ప్రసాదుగారు. బళ్ళారి తెలుగువారిని చూచి ఒక తమిళ యువకుడు ఆరంభించిన పనికి ఫలమైన నాటకము 59 ఏండ్లకు ఒక తెలుగువాని చేతిమీదుగా తెరకెక్కినది.

వీరి విజయమునకు కారణములేమి? మొదటిది, మాటకు ప్రాధాన్యమిచ్చుట. ప్రతి భావమును పాటగా పాడుటకు బదులు మనుష్యులు మాటలాడునట్లు వచనమున మాటలాడించిరి. రెండవది, కాలనియమము. తెల్లవారువరకు సాగు ఆటను కొన్ని గంటలకు తగ్గించిరి. మఱునాడు కచ్చేరికి పోవలసిన గుమాస్తా, వకీలు, ఉపాధ్యాయుడు గూడ వచ్చి చూచి ఇంటికి పోయి నిద్రింపగలిగిరి. ఈ మేలును మావంటి గుమాస్తాలు బాగుగా గ్రహింపగలరు. మూడవది, అభ్యాసమున క్రమశిక్షణ. నాల్గవది, సంఘమున గౌరవమున్నవారు సభ్యులగుట. వృత్తి నటులు కాని కారణమున లాభాపేక్ష లేదు. లాభాపేక్ష లేని కారణమున క్రొత్త ప్రయోగములకు వెనుదీయలేదు.

సంబంధ మొదలియారుగారు 1898 ప్రాంతమున న్యాయవాదియై, 1924 మొదలు 1928 వరకు చెన్నపట్టణ స్మాల్ కాజెస్ కోర్టున న్యాయమూర్తిగా నుండిరి. పగలు తీర్పు చెప్పుట, రాత్రి వేషము కట్టుట. బళ్ళారి ఆచార్యులవారు చూపిన దారియే. తొంబదికి పైగా నాటకములు వ్రాసిరి. షేక్స్పియరు 'హామ్లెట్'ను 'అమలాదిత్యన్' అనియు, 'మాక్బెత్'ను 'మగపతి' యనియు తమిళము చేసి ఆడించిరి. వారి సరసన నాయికా వేషములు ధరించిన రంగవడివేలుగారు విశేష ఖ్యాతి పొందిరి. కాంగ్రెసు నాయకులైన సత్యమూర్తిగారు, స్వతంత్ర భారతమునకు తొలి ఆర్థికమంత్రియైన ఆర్.కె. షణ్ముఖం చెట్టిగారు ఈ సభ రంగమున నటించినవారే. సభ బెంగుళూరు మొదలగు పట్టణములకును, సముద్రము దాటి సింహళమునకును పోయి నాటకములాడినది. 1902 మొదలు విక్టోరియా హాలే సభకు నిలయమైనది. 1936లో సభ మౌంటు రోడ్డున సొంత చోటికి మారినది. ఏడుగురు కుఱ్ఱవాండ్రు ఆరంభించిన సభలో సభ్యత్వము పట్టణపు ప్రముఖులకు గౌరవచిహ్నమైనది. 1959లో సంబంధ మొదలియారుగారికి భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదము నొసగెను. 1964లో తమ 91వ యేట వారు స్వర్గస్థులైరి. మాటలాడు చలనచిత్రములు వచ్చిన పిదప నాటకములు తగ్గి, సభ క్రమముగా క్లబ్బుగా మారినది. ఏ సమాజమునకైనను కాలధర్మము తప్పదు.

ఇక తెలుగువారి పాలు బళ్ళారివారి తొలి రాకతోనే ముగిసినదా? లేదు. సుగుణ విలాస సభ తమిళమునకే పరిమితము కాలేదు. తెలుగు నాటకములను గూడ ఆడించెడిది. అందులకు ప్రత్యేకముగా తెలుగు శాఖ యుండెను. ఆ శాఖకు వన్నె తెచ్చినవారు బళ్ళారి రాఘవగారు. వీరు 1880లో తాడిపత్రిలో జన్మించిరి. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారికి మేనల్లుడు. మన పేటలోని క్రైస్తవ కళాశాలలో చదివి, పిమ్మట న్యాయశాస్త్రమున పట్టము పొంది బళ్ళారిలో వకీలైరి. మేనమామ ఆడిన విక్టోరియా హాలులోనే మేనల్లుడు సుగుణ విలాస సభ పక్షమున తెలుగు వేషములు ధరించెను. మేనమామ యిచ్చిన స్ఫూర్తితో పుట్టిన సభ మేనల్లునికి రంగమైనది. అప్పు తీర్చుకొనుట యనిన ఇదియే గదా! రాఘవగారు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, చదువుకొన్న కుటుంబముల స్త్రీలను రంగమునకు తెచ్చిరి. ఇంగ్లాండు పోయి బెర్నార్డు షాను కలిసికొనిరి. 1946లో దివంగతులైరి. వారి పేర నేటికిని తెలుగునాట నాటక పరిషత్తులు నడచుచున్నవి.

కొందఱు మిత్రులు మాతో ఇట్లనిరి: "మన నాటకమును చూచి వారు నేర్చుకొనిరి, పైకి వచ్చిరి. మనకు మిగిలినదేమి?" ఈ ప్రశ్నలో బాధ కలదు. దానిని మేము తేలికగా త్రోసివేయము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు చెన్నపట్టణము మనకు రాలేదు. ఆనాడే బళ్ళారి మైసూరు రాష్ట్రమున కలిసినది. ఆంధ్ర నాటక పితామహుని ఊరును, ఆయన నాటకముతో తమిళ యువకులను మేల్కొలిపిన ఊరును రెండును ఒకే దినమున తెలుగు రాష్ట్రమునకు బయట మిగిలినవి. రెండు ఊళ్ళలోని తెలుగువారును అల్పసంఖ్యాకులమైతిమి. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టము వలన మన బడులలోని పిల్లలు తమిళమును తప్పనిసరిగా చదువవలసి వచ్చినది. తమిళము చదువుట మంచిదే. దానివలన తెలుగు చదువు సన్నగిల్లుట మంచిది కాదు. ఇంట తెలుగు మాటలాడుచు తెలుగు అక్షరములు గుర్తింపలేని మనుమలు మన కుటుంబములలో నేడు ఎందరో కలరు.

అయినను పై ప్రశ్నకు మా సమాధానమిది. 1891లో బళ్ళారివారు ఈ పట్టణమునకు వచ్చి తమ భాషకు అన్యాయము జరుగుచున్నదని మొఱపెట్టుకొనలేదు. తమ భాషలో తమకు చేతనైన మంచి పనిని చక్కగా చేసి చూపిరి. పొరుగువారు దానిని చూచి ముచ్చటపడిరి. తామును అట్లు చేయవలెననుకొనిరి. ఒక భాషకు దొరకు గౌరవములలో ఇంతకంటె పెద్దది లేదు. సుగుణ విలాస సభ తమిళ సభయై వర్ధిల్లినంతమాత్రమున తెలుగు నాటకమునకు పోయినదేమియు లేదు. పైపెచ్చు రాఘవగారికి ఈ పట్టణమున ఒక రంగము, చూచి మెచ్చు ప్రజ లభించినది. 1931లో మన పేటకు చెందిన కినిమా సెంట్రల్ అను ప్రదర్శనశాలలో 'కాళిదాసు' అను మాటలాడు చిత్రము వచ్చినప్పుడు, తొలి తమిళ టాకీగా పేరొందిన ఆ చిత్రమున తెలుగు మాటలును, త్యాగరాజ కీర్తనలును వినబడినవి. తీసినవారు హెచ్.ఎం. రెడ్డిగారు. చూచినవారు రెండు భాషలవారును. నాడు ఈ పేట ప్రజలకు ఆ కలయిక వింతగా తోచలేదు. వారి వీథులలో ప్రతిదినము వినబడు మాటయే తెరమీద వినబడినది.

ఒక్క విషయము మాత్రము మనము గమనింపవలెను. ఇచ్చినవాడు ఇచ్చితినని గుర్తుంచుకొనకున్నచో లోకమునకు గుర్తుండదు. సంబంధ మొదలియారుగారు ఉదారులు కనుక బళ్ళారివారి ఋణమును తామే వ్రాసి పెట్టిరి. వారు వ్రాయకున్నచో ఈ పుట లెక్కలో ఉండెడిదే కాదు. మన పక్షమున ఎంతమంది పెద్దల పనులు వ్రాయబడక మాసిపోయినవో! పాత పెట్టెలలో మూలుగుచున్న నాటకపు కరపత్రములు, తాతల చేవ్రాతతో నున్న పాత్రల పుస్తకములు, సభల ఆహ్వానపత్రములు కాగితపు తూకమునకు అమ్ముకొనుటకు తగినవి కావు. అట్టివి ఎవరి యింటనైన నున్నచో మన సంఘమునకు ఒప్పగింపవలెనని ప్రార్థించుచున్నాము.

మఱియొక ప్రార్థన. మన సంఘము ప్రతి ఉగాదికి పాటలు, నాట్యములు ఏర్పాటు చేయుచున్నది. వానితోపాటు ప్రతి సంవత్సరము ఒక చిన్న తెలుగు నాటకమును మన యువతీయువకులచేత ఆడింపవలెను. తెలుగు అక్షరములు రాని బిడ్డ తన పాత్రకొఱకు మాటలను వ్రాసికొనుటకైన అక్షరములు నేర్చును. అమ్మమ్మ ఉచ్చారణ దిద్దును. తాత కథ చెప్పును. గిటారు వాయించు మనుమడున్నచో వానిని పొమ్మనవలదు. రంగము వెనుక వాద్యమునకు వానిని కూర్చుండబెట్టవలెను. ఇరుగుపొరుగు తమిళ సోదరులను పిలిచి ముందు వరుసలో ఆసనమీయవలెను. ఖర్చు అధికమని వెనుదీయనక్కఱలేదు. ఏడుగురు కుఱ్ఱవాండ్రు చందాలతో ఆరంభించిన సంగతి పైన వ్రాసితిమి.

మొదటి యేడు ప్రేక్షకులు తక్కువగా రావచ్చును. మాటలు తడబడవచ్చును. 'పుష్పవల్లి'కిని 'మనోహర'కును నడుమ రెండేండ్లు గడచినవని జ్ఞాపకముంచుకొని రెండవ యేడు గూడ ఆడవలెను. ఆ నాటకమును చూచిన పొరుగింటి బిడ్డ యెవరైన ఇంటికి పోయి, నేనును నా భాషలో ఇట్టిది చేయుదునని తల్లితో చెప్పినచో, ధర్మవరము వారి పని ఈ పేటలో ఇంకను సాగుచున్నదనియే మేము భావింతుము.